ఇనప నాలుక

అల్‌మాటీలో, రైలు పట్టాల వెనక,
నుజ్జయిన కార్లను ఈడ్చుకొచ్చి పడేసే చోట
రాత్రి కాపలా నాది. పన్నెండేళ్ళుగా.
కార్ల బందెలదొడ్డి అనుకోండి.
జరిమానా కట్టి విడిపించుకునేవాళ్ళు కొందరు,
ఎవరూ రాని బళ్ళు కొన్ని.

మంచు కురిసిన రాత్రి అన్నీ ఒకటే.
ఆ తెల్ల దుప్పటి కింద
ఏది ఖరీదైందో, ఏది అప్పుదో తెలీదు.

పొద్దున్నే చీపురుతో అద్దాలు దులుపుతాను,
అద్దాలు మిగిలినవాటికి.
చూడకూడదనుకుంటూనే లోపలికి చూస్తాను.
చిన్నపిల్ల బూటు, ఒక్కటే.
కప్పులో గడ్డకట్టిన పాల చాయ్.
ముందద్దం దగ్గర వేలాడే తోలు తాయెత్తు.
దానికి మాత్రం ఎప్పుడూ ఏమీ కాదు.

ఇంకొకటి కూడా ఉంటుంది.
బెల్టు గుచ్చాల్సిన చోట
బెల్టు లేని ఒట్టి నాలుక.
వేలెడంత ఇనప ముక్క, దాని మీద కంపెనీ గుర్తు, ముద్దుగా.
బజార్లో ఏడువందల టెంగేలు.
బేరమాడితే వెయ్యికి రెండు.
"కట్టుకో, కట్టుకో" అని నసపెట్టే
ఆ ఒక్క గొంతులో ఇనుము కుక్కడానికి.

పీకి బిస్కెట్ల డబ్బాలో వేస్తుంటాను.
ఎందుకని అడక్కండి.
నా డొక్కు బండికి అరిచే నోరే లేదు.
ఉంటే నేనూ కొనేవాణ్ణేమో.
నా మేనల్లుడు మౌలెన్ వాటిని పెట్టెలకొద్దీ తెప్పించి అమ్ముతాడు.
మంచివాడు.
విందుకి పిలిస్తే గొర్రె తల నా ముందే పెడతాడు.

మొన్న శుక్రవారం ఒకావిడ వచ్చింది.
రిజిస్టర్లో రాబిగా అని రాసింది.
గుడ్డలో చుట్టిన ఏడు రొట్టెలు, ఇంకా వెచ్చగా,
పోయినవాళ్ళ పేరున నూనెలో కాల్చి పంచేవి.
ఒకటి నా చేతిలో పెట్టి
"తెల్లది" అంది.

నాకు తెలుసు ఏదో.
తెల్లవారుజాము మూడింటికి
నూట నలభై మీద పోతూ
పోప్లార్ చెట్టుకి కుడి పక్కంతా ఇచ్చేసిన కారు.
"రోడ్డు ఖాళీగా ఉండుట చేత" అని కాగితంలో రాశారు.
ప్రతి కాగితంలోనూ అదే రాస్తారు,
ఖాళీకే చేతులున్నట్టు.

కుడి పక్క లేదు.
ఎడమ పక్క, డ్రైవరు సీటు మీద
గీత కూడా లేదు.
ఆవిడ దాని మీద అరచేయి ఆనించింది,
పిల్లాడికి జ్వరం ఉందో లేదో చూసినట్టు.
"ఇక్కడే కూర్చుని ఉంటే..." అంది.
నేననలేదు ఆ మాట. తనే అంది.

లోపల కూర్చుంది. కాళ్ళకి పెడళ్ళు అందలేదు.
తాళంచెవి తిప్పింది. బాటరీ ఇంకా చావలేదు.
ఏదో పాట సగంలోంచి అందుకుంటే
నొక్కేసింది.
తరవాత పక్కకి చూసి
"ఇదేంటి?" అంది.

చెప్పాను.
మౌలెన్ పేరు చెప్పలేదు.

పీకింది. గోరు విరిగింది గానీ పీకింది.
కారు అరవడం మొదలెట్టింది.
బెల్టు కట్టుకోలేదు, దిగలేదు.
చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని
మాట మధ్యలో నోరు మూయించిన వాణ్ణి
మొదట్నించీ చెప్పమన్నట్టు
వింటూ కూర్చుంది.
అరిచి అరిచి దానికదే ఆగింది.
మళ్ళీ తాళం తిప్పింది.
మళ్ళీ.

చాయ్ పట్టుకెళ్ళాను. చల్లారిపోయింది.
కొండల మీద వెలుగు పోయేసరికి
కారు గొంతు సన్నబడి, పిచ్చుకంతై, పోయింది.

ఆవిడ ఆ ముక్కని నాకివ్వలేదు.
కోటు జేబులో వేసుకుని వెళ్ళింది.

రొట్టె ఇంకా బల్ల మీదే ఉంది.
ఆదివారం మౌలెన్ ఇంట్లో విందు.
గొర్రె తల నా ముందుకొస్తుంది. కత్తి నాకే ఇస్తారు.
చెవి కోసి చిన్నవాళ్ళకి పెట్టడం మా ఆనవాయితీ,
చెప్పిన మాట వింటారని.

ఈసారి చెవి మౌలెన్‌కే పెడతాను,
నలభై దాటినా.
వాడు నవ్వుతాడు, నములుతాడు,
"చెప్పు మావయ్యా" అంటాడు.
ఆ తరవాతే నాకు తోచడం లేదు.